ఏడో నంబర్ ప్యానెల్: రేణిగుంట దగ్గర ఒక ఆర్క్ ఫర్నేస్ కేస్ స్టడీ

ఫర్నేస్ గోడలోని ఏడో నంబర్ ప్యానెల్ ఆరు నెలల్లో నాలుగోసారి కారిన రోజు నాకు ఫోన్ వచ్చింది. రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వైపు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఉక్కు ప్లాంటు అది. పేరు రాయను. 25 టన్నుల ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్, 15 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్, రోజుకు పది పన్నెండు హీట్లు (ఒకసారి తుక్కు వేసి కరిగించి ఉక్కు తీస్తే ఒక హీటు). నేను తిరుపతిలో ఉంటాను. ఫర్నేస్‌లకు లెక్కలు కట్టి పెట్టడం నా పని. యజమాని ఫోన్‌లో అడిగింది ఒక్కటే: "సార్, ఆ కంప్యూటర్‌లో రంగుల బొమ్మలు వస్తాయే, ఎర్రగా ఎక్కడుందో చూపిస్తాయే, అది చేసి పెట్టండి."

ఆర్క్ ఫర్నేస్ చూడనివాళ్లకు ఒక మాట. పెద్ద గుండిగ లాంటి ఉక్కు షెల్, అడుగున ఇటుక, పైన మూత. మూతలోంచి మూడు గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లు దిగుతాయి. వాటి కొసలకూ తుక్కుకూ మధ్య పుట్టే, మెరుపు లాంటి ఆర్క్ వేడికి తుక్కు కరుగుతుంది. ఆర్క్ నడుమ 10,000 డిగ్రీలు దాటే ఉంటుంది. కరిగిన ఉక్కు మట్టానికి పైనున్న గోడకు ఇటుక నిలవదు కాబట్టి, అక్కడ లోపల నీళ్లు పారే ప్యానెళ్లు బిగిస్తారు. ఇక్కడ మొత్తం పది ప్యానెళ్లు. ఒక ప్యానెల్‌కు చిల్లు పడితే నీళ్లు లోపలికి పోతాయి. పైపైన పడిన నీళ్లు ఆవిరై పోతాయి, దానికంత భయం లేదు. కరిగిన లోహం కింద చిక్కుకున్న నీళ్లతోనే ప్రమాదం. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు అడుగుతుంది, ఆ చోటు తానే చేసుకుంటుంది. అందుకే లీకు కనబడగానే పవర్ ఆపి, నీళ్లు కట్టేసి, ఫర్నేస్‌ను వంచకుండా అందరూ దూరం జరుగుతారు. వంచితే లోపలి లోహం కదిలి నీటి మీదికి రావచ్చు. నాలుగుసార్లూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ప్రతిసారీ ఒక షిఫ్టు పోయేది, టెన్షన్ మాత్రం వారం దాకా పోయేది కాదు.

యజమాని అనుమానం ప్యానెల్ చేసిచ్చినవాళ్ల మీద. వెల్డింగ్ బాగాలేదని ఒకసారి ఫాబ్రికేటర్‌ను కూడా మార్చారు. కొత్తవాళ్లు చేసిన ప్యానెల్ కూడా దాదాపు అదే ఎత్తులో, అదే వంపు దగ్గర చిల్లు పడింది. ఇద్దరు వేరువేరు వెల్డర్లు ఒకేచోట తప్పు చేయడం కుదరని పనేమీ కాదు. కానీ నేనైతే దాని మీద పందెం కాయను.

మొదటి రోజు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా మెల్టర్ నా పక్కకొచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఫర్నేస్ దగ్గరే ఉన్న మనిషి. "షట్‌డౌన్ అయినకాడ్నించీ ఈ పొయ్యి అరుపు మారిపోయింది సార్. అంతకుముందు ఆ పక్క అరిచేది, ఇప్పుడు ఈ పక్క అరస్తా ఉండాది" అన్నాడు. షట్‌డౌన్ అంటే అంతకుముందు మరమ్మతుల కోసం ఫర్నేస్‌ను ఆపడం. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకుని పేజీ తిప్పేశాను.

నీళ్లు చెప్పిన లెక్క

ప్యానెల్ మీద ఎంత వేడి పడుతోందో తెలుసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఎన్ని నీళ్లు పోతున్నాయి, లోపలికి పోయేటప్పుడు ఎంత చల్లగా ఉన్నాయి, బయటికి వచ్చేటప్పుడు ఎంత వేడెక్కాయి అన్నవి చాలు. ఏడో ప్యానెల్‌లో గంటకు 14 ఘనమీటర్ల నీరు పారుతోంది. తుక్కంతా కరిగి ఉక్కు చదునుగా నిలిచిన దశలో, అంటే వాళ్లు ఫ్లాట్ బాత్ అనే సమయంలో, ఉష్ణోగ్రత తేడా సగటున 11 డిగ్రీలు. గుణిస్తే దాదాపు 180 కిలోవాట్లు. ఎదురు పక్క మూడో ప్యానెల్‌కూ అంతే నీరు, అంతే సైజు. అక్కడ తేడా 9.4 డిగ్రీలు.

మీటర్ చూపించి యజమాని "ఒకటిన్నర డిగ్రీ తేడాకే చిల్లు పడుతుందా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. సగటుతో ప్యానెల్ కాలదు. కరిగిన ఉక్కు మీద తేలే చిట్టెం, అంటే స్లాగ్, పలచబడి ఆర్క్ బయటపడిన రెండు మూడు నిమిషాల్లో ఏడో ప్యానెల్ నీటి తేడా 18 దాకా ఎగిరేది. ఆ వేడి ప్యానెల్ అంతటా సమంగా పడదు, ఆర్క్‌కు ఎదురుగా ఉన్న పళ్లెమంత చోట ఎక్కువ పడుతుంది. అక్కడ గొట్టం లోపలి గోడ మీద నీరు మరగడం మొదలై ఆవిరి పొర కట్టిందంటే, ఇక ఆ చోట ఉక్కును చల్లబరిచేది ఏదీ ఉండదు. నీళ్లు ఇంకిపోయిన కుక్కర్ అడుగు మాడినట్టే.

రేణిగుంట ఎండ సంగతి కూడా తీశారు. మే నెలలో కూలింగ్ టవర్ నీళ్లే గోరువెచ్చగా వస్తాయి, దానివల్ల అయ్యుండొచ్చు కదా అని. అయ్యుండొచ్చు. కానీ ఎండ పది ప్యానెళ్లకూ ఒకటే. పైగా రెండో లీకు డిసెంబర్‌లో పడింది.

ఏ మోడల్ కట్టాలి

న్యూమరికల్ మోడలింగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ రంగుల బొమ్మలే. ఆర్క్‌ను ప్లాస్మాగా తీసుకుని, అందులో పారే కరెంటు, ఆ కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రం, ఆ రెండూ కలిసి వాయువును కిందికి తోసే బలం, రేడియేషన్, అన్నీ కలిపి చిన్న చిన్న గదుల్లో సాధించడం ఒక దారి. అద్భుతమైన పనే. కానీ అలాంటి మోడల్‌లో ఒక్క ఆర్క్ ఒక్క సెకను బతుకు లెక్కించడానికి రోజులు పడుతుంది. మనకు కావాల్సింది వంద నిమిషాల హీటు, అందులో మూడు ఆర్క్‌లు, మధ్యలో కూలిపోతుండే తుక్కు గుట్ట.

ఇంకో చివర, ఆర్క్‌ను సర్క్యూట్‌లో ఒక వస్తువుగా చూసే సమీకరణాలున్నాయి. కాసీది 1939 నాటిది, మయర్‌ది 1943 నాటిది. రెండూ మొదట సర్క్యూట్ బ్రేకర్లలో పుట్టే ఆర్క్ కోసం పుట్టినవే, తర్వాత ఫర్నేస్ వాళ్లు తెచ్చుకున్నారు. 50 హెర్ట్జ్ కరెంటు సెకనులో వందసార్లు సున్నా దాటేటప్పుడు ఆర్క్ ఎలా ఆరి వెలుగుతుందో అవి చెబుతాయి. ఊళ్లో బల్బులు మిణుకుమనే ఫ్లికర్ సమస్య మీద పనిచేస్తే అవే కావాలి. ప్యానెల్ కాలడానికి మిల్లీసెకన్లతో పని లేదు. అందుకని ఆర్క్‌ను ఒక మామూలు రెసిస్టెన్స్‌గా, రెండు మూడు సెకన్ల సగటుగా తీసుకున్నాను.

మిగతా ఫర్నేస్‌కు జోన్ మోడల్ కట్టాను. గట్టి తుక్కు ఒక జోన్, కరిగిన ఉక్కు ఒక జోన్, స్లాగ్ ఒకటి, పైనున్న వాయువు ఒకటి, గోడలు, మూత, ఎలక్ట్రోడ్లు. ఒక్కో జోన్‌కు ఒక ఉష్ణోగ్రత, ఒక బరువు. ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కు వేడి ఎంత పోతోంది, బరువు ఎంత పోతోంది అని అవకలన సమీకరణాలు. 1999లో బెకర్, క్రెయిగ్, పిస్టోరియస్ అనే దక్షిణాఫ్రికా పరిశోధకులు ఈ పద్ధతిలో ఒక మోడల్ ప్రచురించారు. 2012లో స్లొవేనియా నుంచి లోగర్, తోటివాళ్లు దాన్ని ఇంకా విస్తారంగా చేశారు. నేను చేసింది వాళ్ల దారిలో నడవడమే, పైథాన్‌లో, ల్యాప్‌టాప్ మీద. ఒక్క చోట మాత్రం రెండు రోజులు ఇబ్బంది పెట్టింది. తుక్కు చివరి క్వింటాళ్లు కరిగేటప్పుడు ఆ జోన్ బరువు సున్నాకు దగ్గరవుతుంది. ఉష్ణోగ్రత సమీకరణంలో బరువు హారంలో ఉంటుంది కాబట్టి లెక్క ఎగిరిపోతుంది. బరువు 200 కిలోల కంటే తగ్గగానే మిగిలిన తుక్కును కరిగిన ఉక్కులో కలిపేసి, దాని వేడి కూడా అక్కడే కట్టేశాను. ముతక పద్ధతే, కానీ పనిచేస్తుంది.

ముందు మొత్తం శక్తి లెక్క సరిపోవాలి. గది ఉష్ణోగ్రతలో ఉన్న టన్ను ఇనుమును కరిగించి 1,600 డిగ్రీలకు తేవడానికి సుమారు 380 కిలోవాట్ అవర్లు కావాలి. ఇక్కడ మీటర్ చూపించేది 560. అందులో స్లాగ్ తీసుకెళ్లేది, ప్యానెల్ నీళ్లు తీసుకెళ్లేది, పొగ తీసుకెళ్లేది, కేబుళ్లు వేడెక్కేది ఉన్నాయి. ఫర్నేస్‌లో వేసే సరుకులో మూడో వంతు దాకా బళ్లారి నుంచి వచ్చే స్పాంజ్ ఐరన్, అంటే ఖనిజాన్ని కరిగించకుండానే తీసిన ఇనుము. అందులో ఇంకా ఐరన్ ఆక్సైడ్ మిగిలి ఉంటుంది, దాన్ని ఇనుముగా మార్చడానికీ శక్తి పోతుంది. మిగతాది శ్రీసిటీ, శ్రీపెరుంబుదూర్ వైపు నుంచి వచ్చే ప్రెస్ కటింగ్ బండిళ్లు, లారీ ఛాసిస్ ముక్కలు, స్థానికంగా కొన్న కలగూర తుక్కు. మొదటిసారి లెక్క ఆరు శాతం తేడా వచ్చింది. కారణం క్రేన్ తూకం. స్పాంజ్‌ను తడితో సహా తూచి, పొడిగా ఉన్నట్టు రాస్తున్నారు. అది సరిచేశాక రెండు శాతంలోకి వచ్చింది. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

పది రోజులు ఎటు పోయాయి

ఆర్క్ నుంచి ఏ ప్యానెల్ మీద ఎంత వెలుగు పడుతుందో లెక్కించడానికి మాంటే కార్లో పద్ధతి వాడాను. ఒక్కో ఆర్క్ నుంచి పది లక్షల కిరణాలను అన్ని దిక్కులకూ వదిలి, ఏది ఎక్కడ తగిలిందో లెక్కపెట్టడం. తుక్కు గుట్ట ఉన్నంతసేపూ అదే గోడకు కవచం, కిరణాలు దాన్నే తగులుతాయి. ఫ్లాట్ బాత్‌లో ఆ కవచం పోతుంది. అప్పుడు అడ్డం నిలిచేది నురుగు స్లాగ్ ఒక్కటే. కార్బన్ ఊదితే స్లాగ్‌లోని ఐరన్ ఆక్సైడ్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ బుడగలు వస్తాయి, స్లాగ్ పాలు పొంగినట్టు పొంగి ఆర్క్‌ను కప్పేస్తుంది. పొంగు బాగుంటే గోడ బతుకుతుంది.

మోడల్ ఇచ్చిన జవాబు: మూడో ప్యానెల్, ఏడో ప్యానెల్, రెండిటికీ 10.1 డిగ్రీలు. ఎందుకంటే మూడో ప్యానెల్ ఒకటో ఎలక్ట్రోడ్‌కు ఎంత దూరమో, ఏడో ప్యానెల్ మూడో ఎలక్ట్రోడ్‌కు అంతే దూరం. ఫర్నేస్‌ను నిలువుగా మధ్యకు కోస్తే అటూ ఇటూ ఒకటే. కొలతల సగటు కూడా దాదాపు అంతే, 10.2. మోడల్ మొత్తం వేడిని సరిగ్గా చెబుతోంది, పంపకాన్ని తప్పు చెబుతోంది.

నేను కొలతలను అనుమానించాను. సెన్సర్లు అటుదిటు మార్చి చూశాం, తేడా మారలేదు. తర్వాత నురుగు ఒక పక్కకు వాలుతోందేమో అనుకున్నాను. స్లాగ్ బయటికి పోయే తలుపు, అంటే స్లాగ్ డోర్, ఏడో ప్యానెల్‌కు దగ్గర, స్లాగ్ అటు జారిపోతుంటే అక్కడ పొంగు తగ్గుతుంది కదా. వినడానికి బాగుంది. దాన్ని మోడల్‌లో పెడితే అంకెలు కూడా కుదిరాయి, అదే నన్ను ఇంకా ముంచింది. సర్దుబాటు చేయడానికి ఒక అంకె మన చేతిలో ఉంటే దేనికైనా సరిపెట్టొచ్చు. తర్వాత తుక్కు పేర్చే తీరు, బర్నర్ కోణం. పది రోజులు.

చివరికి 40 హీట్ల డేటా ముందేసుకుని, మోడల్‌కూ కొలతకూ మధ్య తేడాను మాత్రమే గీశాను. 40లో 37 హీట్లలో ఏడో ప్యానెల్ పైన, మూడో ప్యానెల్ కింద. తుక్కు మారినా, షిఫ్టు మారినా, స్లాగ్ డోర్ మూసి నడిపినా అంతే. నురుగు అలా ప్రవర్తించదు. ఒకరోజు ఒకరకంగా ఉండటమే నురుగు గుణం. ఇంత నిలకడగా ఉన్నది లోహమో, తీగో, గోడో అయ్యుండాలి.

అప్పుడు లెక్కను తిరగేశాను. ఆర్క్‌ల పవర్ మూడింటికీ సమానమని నేనే పెట్టుకున్నాను. విద్యుత్ మీటర్లలో మూడు కరెంట్లూ సమానం, మూడు వోల్టేజీలూ సమానం, కాబట్టి పవర్ కూడా సమానమనుకున్నాను. ఈసారి ఆ మూడు పవర్లనూ తెలియని అంకెలుగా వదిలేసి, పది ప్యానెళ్ల నీటి ఉష్ణోగ్రతలకు సరిపోయేలా వాటిని వెతకమని చెప్పాను. మూడో ఎలక్ట్రోడ్ ఆర్క్‌కు సగటు కంటే 150 నుంచి 200 కిలోవాట్లు ఎక్కువ, ఒకటో దానికి దాదాపు అంతే తక్కువ, మధ్యదానికి మార్పు లేదు. రాత్రి పదకొండున్నరకు ఆ జవాబు చూసి కుర్చీలోంచి లేచి బాల్కనీలోకి వెళ్లాను. కొండ మీది దీపాలు కనిపిస్తున్నాయి. ఆ అంకెల ఆకారం నాకు ఎక్కడో చదివిన గుర్తు.

మూడు తీగలు పక్కపక్కన

ట్రాన్స్‌ఫార్మర్ గది నుంచి ఫర్నేస్ దాకా మూడు ఫేజ్‌ల కరెంటు మోసే బస్ ట్యూబులు, వేలాడే కేబుళ్లు, ఎలక్ట్రోడ్ ఆర్మ్‌లు ఉంటాయి. ఆధునిక ఫర్నేస్‌లలో మధ్య ఫేజ్‌ను పైకి లేపి మూడింటినీ త్రిభుజంలా అమరుస్తారు. పాతవాటిలో, ఇక్కడిలాగా, మూడూ ఒకే వరసలో పక్కపక్కనే ఉంటాయి. ఆ వరసలోనే చిక్కుంది. పక్కపక్కన ఉన్న రెండు తీగలు ఒకదాని మీద ఒకటి ఎక్కువ ప్రభావం చూపిస్తాయి, రెండు చివర్లలో ఉన్నవి తక్కువ. కరెంటు ఒక్కో తీగలో 25 వేల ఆంపియర్లు కాబట్టి ఈ చిన్న తేడా చిన్నదిగా ఉండదు.

లెక్క కట్టి చూపిస్తాను, ఎందుకంటే ఈ కేసులో నాకు నచ్చిన భాగం ఇదే. తీగల మధ్య దూరం సమానమైతే, చివరి రెండిటి మధ్య దూరం దానికి రెండింతలు. తీగలు ఒకదాని మీద ఒకటి చూపే ఈ ప్రభావానికి కొలత మ్యూచువల్ ఇండక్టెన్స్. అందులో తేడా మీటరుకు 0.2 మైక్రో హెన్రీని 2 యొక్క సహజ లాగరిథమ్‌తో, అంటే 0.693తో గుణించినంత. అది 0.139 మైక్రో హెన్రీ. ఇక్కడ వరసగా ఉన్న పొడవు సుమారు 7 మీటర్లు, కాబట్టి మొత్తం 0.97. 50 హెర్ట్జ్ దగ్గర దాన్ని 314తో గుణిస్తే 0.305 మిల్లీ ఓమ్. ఫేజ్‌ల మధ్య 120 డిగ్రీల కోణం ఉండటం వల్ల అందులో 0.866 వంతు రియాక్టెన్స్‌లా (పవర్ తినకుండా కరెంటును అడ్డుకునేదానిలా) కాకుండా రెసిస్టెన్స్‌లా కనిపిస్తుంది: 0.264 మిల్లీ ఓమ్. ఒక చివరి ఫేజ్‌కు ఇది కలుస్తుంది, రెండో చివరి ఫేజ్‌కు తీసివేతగా వస్తుంది. తీసివేత రెసిస్టెన్స్ అంటే ఆ ఫేజ్ తన ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చినదానికన్నా ఎక్కువ పవర్ పొందుతోందని. ఆ ఎక్కువ ఎక్కడిదంటే మొదటి చివరి ఫేజ్ నుంచి, గాలిలోని అయస్కాంత క్షేత్రం గుండా వచ్చింది. ఫర్నేస్ ఇంజినీర్లు పవర్ పోగొట్టుకునేదాన్ని డెడ్ ఫేజ్ అనీ, పొందేదాన్ని వైల్డ్ ఫేజ్ అనీ పిలుస్తారు.

25 వేల ఆంపియర్ల వర్గాన్ని 0.264 మిల్లీ ఓమ్‌తో గుణించండి: 165 కిలోవాట్లు. నీళ్ల ఉష్ణోగ్రతలను వెనక్కి నడిపి నేను తెచ్చిన అంకె 150 నుంచి 200 మధ్య. రెండూ రెండు వేరే దారుల్లో వచ్చాయి. ఒకదానికి తీగల మధ్య దూరం తెలియాలి, ఇంకోదానికి నీళ్లు ఎంత వేడెక్కాయో తెలియాలి.

మరి మీటర్లలో ఎందుకు కనబడలేదు? ఎలక్ట్రోడ్‌ను పైకీ కిందికీ కదిపే రెగ్యులేటర్ చూసేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి వోల్టేజీనీ కరెంటునీ, ఆర్క్‌ను కాదు. దానికి మూడు ఫేజ్‌లూ సమానంగా కనబడేలా అది ఎలక్ట్రోడ్లను సర్దుతుంది. డెడ్ ఫేజ్‌కు దారిలోనే రెసిస్టెన్స్ కలిసింది కాబట్టి ఆ ఆర్క్‌ను పొట్టిగా చేస్తుంది, వైల్డ్ ఫేజ్ ఆర్క్‌ను పొడుగ్గా చేస్తుంది. రెగ్యులేటర్ చక్కగా పనిచేయబట్టే తేడా దాగిపోయింది.

ఇప్పుడు గోడ సంగతి. గోడను తినేసే వేడికి 1960ల నుంచి వాడుకలో ఉన్న ష్వాబే సూచిక ఒకటుంది: ఆర్క్ పవర్‌ను ఆర్క్ వోల్టేజీతో గుణించి, ఎలక్ట్రోడ్ నుంచి గోడకున్న దూరం వర్గంతో భాగించడం. వోల్టేజీ ఎందుకంటే ఆర్క్ పొడవు దాన్ని బట్టే ఉంటుంది. వాడుక లెక్క ప్రకారం 40 వోల్టులు పక్కన పెడితే, మిగిలినదానిలో వోల్టుకు ఒక మిల్లీమీటరు. ఇక్కడ ఆర్క్ వోల్టేజీ సుమారు 115, కాబట్టి ఆర్క్ 75 మిల్లీమీటర్లు. ఒక్కో ఆర్క్ పవర్ 2.9 మెగావాట్లు. 165 కిలోవాట్లంటే దాంట్లో 5.7 శాతం. కరెంట్లు సమానమైతే వోల్టేజీ కూడా అంతే శాతం పెరుగుతుంది. కాబట్టి వైల్డ్ ఫేజ్ వైపు సూచిక 12 శాతం దాకా పెరిగింది, డెడ్ ఫేజ్ వైపు 11 శాతం తగ్గింది. డెడ్ నుంచి వైల్డ్‌కు మారిన గోడకు అది 25 శాతం పెరిగినట్టు.

మారిన గోడ అంటున్నానే, అదీ అసలు మలుపు. ఏ చివర వైల్డ్ అవుతుందో తీగల అమరిక చెప్పదు. ఫేజ్ సీక్వెన్స్ చెబుతుంది. మూడు ఫేజ్‌లు ఏ వరసలో ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయో దాన్ని తిరగేస్తే, వైల్డ్ డెడ్ అవుతుంది, డెడ్ వైల్డ్ అవుతుంది. అప్పుడు నోట్‌బుక్‌లో మొదటి పేజీ తీశాను. "అంతకుముందు ఆ పక్క అరిచేది, ఇప్పుడు ఈ పక్క."

లాగ్ బుక్, డిప్ టెస్ట్

పొద్దున్నే వెళ్లి మెయింటెనెన్స్ లాగ్ బుక్కులు అడిగాను. షట్‌డౌన్‌కు ముందు ఏళ్లలో మూడో ప్యానెల్ పదేపదే కారింది. ఎంతగా అంటే, అప్పటి మేనేజర్ విసిగిపోయి ఆ ఒక్కచోట ఉక్కు ప్యానెల్ తీసేసి రాగి ప్యానెల్ పెట్టించారు. రాగి వేడిని ఉక్కు కన్నా ఎన్నో రెట్లు బాగా లాగేస్తుంది. దాని తర్వాత మూడో ప్యానెల్ కారలేదు. అక్కడ ఎందుకు అంత వేడో ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ లేకుండా పోయింది. షట్‌డౌన్ అయ్యాక ఏడోది మొదలైంది. ఏడో చోట ఉన్నది మామూలు ఉక్కు ప్యానెలే.

షట్‌డౌన్‌లో ఏం చేశారంటే చాలా చేశారు. అందులో ఒకటి, ఫర్నేస్ ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే 33 కేవీ కేబుల్ చివర కాలిపోతే కొత్తగా టెర్మినేషన్ (కేబుల్ కొసను మళ్లీ బిగించే పని) చేయించారు, బయటి కాంట్రాక్టర్‌తో.

ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జి ఒప్పుకోలేదు. "సీక్వెన్స్ తిరగబడితే మోటార్లు వెనక్కి తిరగవా సార్? పంపులు ఉల్టా తిరిగితే ఆ క్షణమే తెలిసిపోతుంది గదా" అన్నాడు. మంచి ప్రశ్న. కానీ ఆ ఫీడర్ మీద ఫర్నేస్ ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఇంకేమీ లేదు. పంపులు, హైడ్రాలిక్స్, ట్యాప్ చేంజర్ మోటారు, అన్నీ వేరే ట్రాన్స్‌ఫార్మర్ మీద. ఆర్క్‌కు కుడిఎడమలు లేవు, ఏ వరసలో వచ్చినా వెలుగుతుంది. తిరిగేది ఒక్కటైనా ఉండుంటే మొదటిరోజే దొరికిపోయేది.

మాటలతో తేలదని డిప్ టెస్ట్ పెట్టాం. హీటు చివర, ఉక్కు పూర్తిగా కరిగాక, ట్రాన్స్‌ఫార్మర్‌ను అతి తక్కువ వోల్టేజీ ట్యాప్ మీద పెట్టి మూడు ఎలక్ట్రోడ్లనూ ఉక్కులో ముంచి కొన్ని సెకన్లు కరెంటు పంపాం. ఆర్క్ ఉండదు కాబట్టి కనిపించేది దారి రెసిస్టెన్స్ మాత్రమే. మామూలుగా అది ఒక్కో ఫేజ్‌లో అర మిల్లీ ఓమ్ చుట్టుపక్కల ఉండాలి. ఒకటో ఫేజ్‌లో 0.78 వచ్చింది, మూడో ఫేజ్‌లో 0.22. మధ్యది 0.51. మూడో ఫేజ్ రాగి ఒకటో ఫేజ్ రాగికన్నా మూడున్నర రెట్లు మెరుగైనదయ్యే వీలు లేదు. మధ్యాహ్నం పీటీ (వోల్టేజీ తగ్గించి మీటర్లకు ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) టెర్మినళ్ల దగ్గర సీక్వెన్స్ మీటర్ పెట్టారు. పళ్లెం వెనక్కి తిరిగింది. ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జి మీటరు తీసి, తీగలు మార్చి, మళ్లీ పెట్టి, తర్వాత ఏమీ అనలేదు. కేబుల్ బాక్స్ తెరిస్తే ఎర్ర టేపు ఉండాల్సిన చోట నీలం టేపు ఉంది.

ఏం చేశాం

మూడు దారులున్నాయి. ఒకటి, సీక్వెన్స్‌ను అలాగే వదిలేసి ఏడో చోట కూడా రాగి ప్యానెల్ పెట్టడం. రెండు, రెగ్యులేటర్‌లో ఒక్కో ఫేజ్‌కు వేరే సెట్ పాయింట్ ఇచ్చి ఆర్క్‌లను సమం చేయడం. మూడు, కేబుల్ సరిచేసి వైల్డ్ ఫేజ్‌ను రాగి ఉన్నచోటికి తిరిగి పంపడం. రెండోది ఇంజినీరుగా నాకు ఇష్టం. కానీ దానివల్ల మొత్తం పవర్ కాస్త తగ్గుతుంది, షిఫ్టు మారినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ అంకెలు ముట్టుకుంటారు. మూడోదానికి ఎనిమిది గంటల షట్‌డౌన్ చాలు, ఖర్చు దాదాపు లేదు. అదే చేశాం. రిలే టెస్టింగ్ వాళ్లను కూడా పిలిచి ప్రొటెక్షన్ వైరింగ్ సరిచూపించాం, ఎందుకంటే షట్‌డౌన్ తర్వాత దాన్ని తప్పు సీక్వెన్స్‌కు అనుగుణంగా ఎవరైనా సర్ది ఉంటే ఇప్పుడు అది తప్పవుతుంది. ఒకచోట అలాగే సర్ది ఉంది కూడా.

కేబుల్ మార్చకముందే మోడల్ అంచనా ఒక కాగితం మీద రాసి యజమాని చేతికిచ్చాను: ఏడో ప్యానెల్ 11 నుంచి 9.4కు దిగాలి, మూడోది 9.4 నుంచి 11కు ఎక్కాలి. తర్వాతి 30 హీట్ల సగటు: ఏడోది 9.6, మూడోది 10.7. హీటుకు హీటుకు ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండే డేటాలో ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది, అది యజమానికి కూడా చెప్పాను. రంగుల బొమ్మ అడిగితే ఒక్క ప్యానెల్‌కు రేడియేషన్ పంపకం ఎరుపు పసుపుల్లో వేసి ఇచ్చాను. అది ఇప్పుడు ఆయన ఆఫీసు గోడ మీద ఉంది. కేసు తేలింది దానివల్లేనని వచ్చినవాళ్లకు చెబుతున్నారట.

ఇది రాసేనాటికి తొమ్మిది నెలలైంది. ఏడో ప్యానెల్ కారలేదు. మోడల్‌లో ఇంకా నాకు నచ్చనివి ఉన్నాయి. నురుగు ఎత్తును ఇప్పటికీ ఒక సర్దుబాటు అంకెతోనే నడిపిస్తున్నాను, శబ్దం కొలిచి దాన్ని తీసేయాలని ఉంది. మెల్టర్ చెవి చేసే పనే అది. కేబుల్ మార్చిన రోజు మొదటి హీటు ఫ్లాట్ బాత్‌కు రాగానే అతను ప్లాట్‌ఫారం అంచున నిలబడి కాసేపు విన్నాడు. "ఆ పక్కకు పోయింది సార్" అన్నాడు.

ఇన్‌పుట్ ఫైల్‌లో మొదటి లైను ఇప్పుడు ఫేజ్ సీక్వెన్స్. విలువ ఒకటి గానీ, మైనస్ ఒకటి గానీ. ఆ లైను చూపించి ఇది నువ్వు చెప్పిందే అన్నాను. "అంతే గదా సార్, ఒక గీత" అని నవ్వి, తుక్కు బకెట్ వస్తుంటే అటు వెళ్లిపోయాడు.